మేనల్లుడి మూడో కోరిక

సగింతాయ్ లారీ హారన్ ఊరి మలుపులో వినబడగానే ఎర్సాయిన్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టేసి, పరుగున పోయి తన పందెపు ఒంటెను దొడ్డి గోడ చాటుకు తోలేశాడు. తోలేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుని మళ్ళీ టీ అందుకున్నాడు.

ఆయన భయం ఊరికే రాలేదు. కజక్‌ల మంగిస్తావు గడ్డ మీద మేనల్లుడు మేనమామ ఇంట్లో మూడుసార్లు ఏది అడిగితే అది ఇచ్చి తీరాలి. కాదన్నవాడి ఇల్లు చల్లగా ఉండదంటారు. మేనల్లుడి మీద చెయ్యెత్తితే ఆ చెయ్యి జీవితాంతం వణుకుతుందంటారు. ఎర్సాయిన్ అక్క కొడుకైన సగింతాయ్ కుర్రతనంలో ఒక గుర్రప్పిల్లను అడిగి తోలుకుపోయాడు. పెళ్ళయ్యాక వేటకుక్కను అడిగాడు. ఆ కుక్క పోయిన రోజు ఎర్సాయిన్ అన్నం ముట్టలేదు. ఇప్పుడు సగింతాయ్‌కి నలభై దాటాయి, పొట్ట వచ్చింది, అక్తావు పట్నంలో లారీ నడుపుతున్నాడు. మూడో కోరిక మాత్రం అలాగే దాచి ఉంచాడు. వచ్చినప్పుడల్లా దొడ్డంతా ఒకసారి కలియజూసి, "ఇవాళొద్దులే మామయ్యా" అని నవ్వి వెళ్ళిపోవడం వాడికి సరదా.

"అత్తా! బతికే ఉన్నావా, మామయ్య నిన్ను అమ్మేశాడా?" అంటూ గుమ్మంలోంచే కేకేశాడు సగింతాయ్.

"నన్ను కొనేవాడు ఎవడ్రా, నీలాంటి దొంగ మేనల్లుడు తోడొస్తాడని తెలిస్తే?" అంది కలంకాస్. "చెప్పులు బయట వదులు. లారీ గ్రీజంతా నా తివాచీకి పూయకు."

మేనమామ భార్యతో మేనల్లుడు ఎన్ని వేళాకోళాలైనా ఆడవచ్చు. కలంకాస్ కూడా తక్కువ తినలేదు. ఊరి బడిలో కజక్ భాష చెప్పే టీచరు, మాటకు మాట అప్పజెప్పకుండా వదిలే రకం కాదు. కానీ ఆ శుక్రవారం ఆమె మనసు మనసులో లేదు. సోమవారం జిల్లా టీచర్ల పోటీ. ఈసారి వాళ్ళ బడిలోనే జరుగుతోంది. కిటికీ పక్కన బల్ల మీద ఆమె సర్వస్వం బారులు తీరి నిలబడి ఉంది. దాన్ని చూసుకుంటూ గంట నుంచీ మురిసిపోతోంది.

అది ఊలుతో చేసిన ఒంటెల బారు. ఒంటె ఊలును తడిపి, నలిపి, అదిమి ఆమె తన చేతులతో చేసుకున్నది. నాలుగు ఒంటెలు, ఒకదాని ముక్కుతాడు ముందుదాని జీనుకు కట్టి ఉంటుంది. ముందు నడిచేది మాట. 'బొత' అనుకోండి, అంటే ఒంటెపిల్ల. దాని వెనకది 'చాలా' అని చెప్పే ఒంటె. మూడోది ఎవరివో చెప్పే ఒంటె, నావా, నీవా, మావా. అన్నిటికీ చివర నడిచేది ఎక్కడికో, ఎక్కడినుంచో, ఎవరితోనో చెప్పే ఒంటె. నాలుగూ కడితే 'బొతలరుముజ్‌గా' అన్న ఒక్క మాటవుతుంది, మా ఒంటెపిల్లలకు అని. మూడో ఒంటెనూ నాలుగో ఒంటెనూ ఎన్ని రంగుల్లో కావాలంటే అన్ని రంగుల్లో మార్చుకోవచ్చు. 'మావి' అనే ఒంటె ఎర్రది. అదంటే పిల్లలకు ప్రాణం. బడిలో అడుగుపెట్టిన ప్రతి పిల్లా ఈ ఒంటెలను కట్టీ విప్పీ కట్టీ మాట నేర్చుకున్నదే. నోట్లో నాలుక తిరగని పిల్లలు కూడా చేతులతో మాట కట్టేసి, కట్టినదాన్ని గట్టిగా చదివి, ఎగిరి గంతేసేవాళ్ళు. ఆ గంతు చూడడానికే కలంకాస్ పొద్దున్నే నిద్ర లేచేది.

కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు నుర్తుగన్‌కి ఇదంతా బొమ్మలాటగా కనిపించింది. "జిల్లా పోటీలో గెలిస్తే మీ ఒంటెలు ఉంటాయి. లేకపోతే సెప్టెంబరు నుంచి అన్ని బళ్ళలోలాగే తెర మీద పాఠాలు. బొమ్మలు బీరువాలో పెట్టేద్దాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అందుకే ఆమెకు ఒళ్ళు మండింది.

సగింతాయ్ పాలు పోసిన టీ తాగాడు, నూనెలో వేయించిన బవుర్సకు ఉండలు పళ్ళెం సగం ఖాళీ చేశాడు, ఎర్సాయిన్ తల్లి జిలీహా అవ్వ చేత తల నిమిరించుకున్నాడు. తరవాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎర్రొంటెను విప్పాడు, మళ్ళీ కట్టాడు. కట్టినదాన్ని పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. అక్కడే చాలాసేపు నిలబడిపోయాడు.

"మామయ్యా, నాకింకో కోరిక ఉంది కదా."

ఎర్సాయిన్ మొహం పాలిపోయింది. గోడ చాటున ఒంటె సరిగ్గా అప్పుడే గట్టిగా అరిచింది.

"దాన్నేం దాస్తావులే, ఊరంతా వినిపిస్తోంది" అన్నాడు సగింతాయ్. కానీ నవ్వలేదు. "అది కాదు. ఇవి కావాలి."

"ఏవి?"

"ఈ ఊలు ఒంటెలు."

ఎర్సాయిన్ ఒక్క గెంతు గెంతాడు. "తీసుకో! తీసుకోరా నాయనా, నిండు నూరేళ్ళు బతుకు! సంచీ కావాలా?" అని, భార్య మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు.

కలంకాస్ బల్లకు అడ్డంగా వచ్చి నిలబడింది. "వేళాకోళానికీ హద్దుంటుంది సగింతాయ్. సోమవారం వాటితోనే నా పోటీ."

"తెలుసత్తా."

"తెలిసి అడుగుతున్నావా?"

సగింతాయ్ మళ్ళీ కూర్చున్నాడు. ఎర్రొంటె వాడి చేతిలోనే ఉండిపోయింది. "మా అమ్మాయి బల్జాన్‌కి తొమ్మిదో ఏడు. మా అమ్మ కజక్‌లో చెప్పేదంతా దానికి అర్థమవుతుంది, జవాబు మాత్రం రష్యన్‌లోనే చెబుతుంది. ఒకసారి మా వీధిలో పిల్లల ముందు కజక్ మాట్లాడబోయి మాటల చివరి తోకలన్నీ తప్పు తగిలించింది. నవ్వారు. అంతే, ఆ రోజు నుంచి నోరు విప్పదు. అమ్మేమో, నా మనవరాలికి నేను పరాయిదాన్నయ్యానురా అని ఏడుస్తుంది. నేను లారీ తోలేవాణ్ణి, నాకు నేర్పడం రాదు. టీచర్ని పెడితే బల్ల కింద దూరింది. వీటితో ఎవరూ నవ్వరు కదత్తా. తప్పు కడితే విప్పుకుని మళ్ళీ కట్టుకుంటుంది."

"ఒక్క మూడు రోజులాగు. మంగళవారం నేనే తెచ్చిస్తాను."

"మంగళవారం ఇస్తే అది అరువు. కోరిక కాదు. పోటీలో గెలిస్తే వీటిని జిల్లా ఆఫీసు వాళ్ళు అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు, ఓడితే మీ హెడ్‌మాస్టరు బీరువాలో పెడతాడు. నాకు తెలీదా?"

కలంకాస్ అత్తగారి వైపు చూసింది, ఆవిడైనా వాడికి గడ్డి పెడుతుందని. జిలీహా అవ్వ కళ్ళు తుడుచుకుంటోంది. పరాయిదాన్నయ్యానని ఏడుస్తున్నది ఆవిడ కన్నకూతురు కున్సులు మరి. ఇక మాట్లాడేందుకేముంది? కలంకాస్ లేచి, ఒంటెలను ఒక్కొక్కటే బట్టలో చుట్టి, రంగురంగులవన్నీ అట్టపెట్టెలో సర్ది ఇచ్చింది. ఇస్తూ, "నీ లారీ టైర్లన్నీ పగల" అంది. అంది గాని, పెట్టెకు తాడు మాత్రం రెండు పేటలు వేసి గట్టిగా కట్టింది.

లారీ కదిలిపోయాక ఆమె గట్టిగానే ఏడ్చింది. నావి, నేను చేసుకున్నవి, నా కళ్ళముందే పోయాయని ఏడ్చింది. ఎర్సాయిన్ సంతోషం దాచుకోలేక అవస్థపడుతూ ఆమె చుట్టూ తిరిగాడు.

కొత్తవి చేద్దామంటే ఊలు లేదు. నిరుటి ఊలు ఎప్పుడో ఐపోయింది. ఈ ఏడాది కత్తిరింపుకి ఇంకా నెల ఉంది. ఇప్పుడు కత్తిరిస్తే ఒంటెకు చలి కొడుతుంది, ఎర్సాయిన్ చస్తే ఒప్పుకోడు. ఇరుగుపొరుగును అడిగింది, తలా గుప్పెడు కూడా రాలేదు. అట్టముక్కలతో చేసి చూసింది. అవి నిలబడలేదు.

శనివారం పొద్దున్న జిలీహా అవ్వ పాలు పితికి వచ్చి, గుమ్మంలో నిలబడి కోడలి వాలకం చూసింది. "ఏమే, ఒంటెల్లేవని ఏడుస్తున్నావా? ఈ ఇంట్లోనా? నేను పొద్దుట్నుంచీ వాటి కాళ్ళ మధ్యే కదే తిరుగుతున్నాను."

కలంకాస్ తలెత్తి అత్తగారిని చూసింది. తరవాత కిటికీలోంచి దొడ్డిని చూసింది. చూస్తూ చూస్తూ ఆమె మొహం వెలిగిపోయింది.

"ఏవండీ!" అని ఒక్క అరుపు అరిచింది. "మీ పందెపు ఒంటెను తోలుకురండి!"

"దేనికి?" అన్నాడు ఎర్సాయిన్, గుండె పట్టుకుని.

"మాట తోకకి!"

ఆ శని ఆదివారాలు ఇల్లు ఇల్లులా లేదు. ముందు నడిచే మాటగా తెల్లని తల్లి ఒంటె అక్‌మాయాను పెట్టారు. రెండోదిగా పక్కింటివాళ్ళ ముసలి ఒంటెను బతిమాలి తెచ్చారు. మూడో చోట ఎర్ర జంపఖానా కప్పిన బుద్ధిమంతురాలైన ఆడ ఒంటె నిలబడింది. చివర పందెపు ఒంటె. మూపురాలకు రంగుబట్టలు కట్టారు, బట్టల మీద కలంకాస్ సున్నంతో అక్షరాలు రాసింది. బడి పిల్లలు దొడ్డి నిండా చేరి, "నావి కట్టు! కాదు, మీవి కట్టు!" అని ఒకటే గోల. అక్‌మాయా పిల్ల బారు మధ్యలోంచి దూరుతూ ప్రతి మాటనీ చెడగొట్టింది. చెడగొట్టినప్పుడల్లా పిల్లలు కేరింతలు కొట్టారు. కలంకాస్‌కి ఆకలి తెలియలేదు. పన్నెండేళ్ళ పిల్లలా దొడ్డంతా పరుగులు తీసింది.

సోమవారం పోటీకి తీర్పు చెప్పే పెద్దలు బడి ఆవరణలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడ రౌజా. జిల్లాలో సగంమంది టీచర్లకు పాఠం చెప్పిన మనిషి, మొహంలో నవ్వు అనేది అరుదు. తెర మీద పాఠాలు చెప్పినవాళ్ళు చెప్పి వెళ్ళారు. అప్పుడు గేటు తీసుకుని ఒంటెల బారు లోపలికి వచ్చింది.

హెడ్‌మాస్టరు నుర్తుగన్ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు.

"మా ఒంటెపిల్లలకు!" అని అడిగాడు పెద్దల్లో ఒకాయన, కుతూహలం ఆపుకోలేక. పిల్లలు దూకారు. బట్టలు మార్చారు, తాళ్ళు ముడివేశారు, బారు వెంబడి పరుగెత్తుతూ ఒక్కో ఒంటె దగ్గర ఒక్కో ముక్క అరిచి, చివరికి అంతా కలిపి ఒక్క గొంతుతో అరిచారు. "మీ ఒంటెపిల్లల నుంచి!" అని ఇంకొకావిడ. మళ్ళీ పరుగు, మళ్ళీ ముడులు. ఎంత బాగా కుదిరిందంటే, పెద్దలు తాము పెద్దలమన్న సంగతి మరిచి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అక్కడే కొంప మునిగింది. చప్పట్లు వినబడితే పరుగు మొదలనే కదా పందెపు ఒంటెకు నేర్పింది! అది మెడ చాచి ఒక్క ఉదుటున లేచింది, ముక్కుతాడు తెంచుకుంది, 'నుంచి' అన్న బట్టను గాలికి ఎగరేసుకుంటూ గేటు దాటి మైదానం మీద పడింది. దాని వెనక ముసలి ఒంటె. దాని వెనక, "ఒరేయ్ ఆగు! ఆగరా నా తండ్రీ!" అంటూ ఎర్సాయిన్. అక్‌మాయా మాత్రం పిల్ల పాలు తాగుతుంటే కదలకుండా నిలబడి నెమరువేస్తోంది. పెద్దలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకాయన కళ్ళజోడు కిందపడింది.

నవ్వు సద్దుమణిగాక రౌజా మాట్లాడింది. "బాగుంది కలంకాస్. చాలా రోజులైంది నేనింత సంతోషపడి. కానీ ఇది పండగ, పద్ధతి కాదు. నువ్వున్నావు, గుంపుంది, ఒంటెలున్నాయి, కాబట్టి పిల్లలు అరుస్తున్నారు. పట్నంలో ఒక మూల గదిలో ఒంటరి పిల్ల ఉంటుంది. మాట్లాడాలంటే భయం. పక్కన నువ్వుండవు. ఆ పిల్ల చేత నీ ఒంటెలు మాట కట్టించగలవా? అది చూపించు, నా ఓటు నీదే."

కలంకాస్ ఏం చూపిస్తుంది? ఆ ఊలు ఒంటెలుంటే ఒక్కొక్కటీ ఆవిడ చేతిలో పెట్టేది, పదకొండేళ్ళుగా పిల్లల వేళ్ళు పడి నున్నబడిన వాటి వీపులు తడిమి చూడమనేది. అవి లారీలో వెళ్ళిపోయాయి. హెడ్‌మాస్టరు జాలిగా నేల చూశాడు.

అప్పుడు ఆమె జేబులో ఫోను మోగింది.

"ఆపండి టీచర్‌గారూ" అన్నాడు నుర్తుగన్. ఆమె ఆపబోయి, కంగారులో ఎత్తేసింది. ఫోను తెర నిండా సగింతాయ్ బోడిగుండు.

"షుయిన్షీ! అత్తా, షుయిన్షీ! షుయిన్షీ!"

మంచి కబురు మోసుకొచ్చినవాడు ముందుగా బహుమానం అడుగుతూ వేసే కేక అది. ఆ కేక వేసినవాడి నోరు మూయించే కజక్ మనిషి ఇంకా పుట్టలేదు. నుర్తుగన్ గమ్మున కూర్చున్నాడు. రౌజా, "కబురేంటో కనుక్కో ముందు" అంది.

"బల్జాన్‌కి మధ్యాహ్నం షిఫ్టు బడి కదా, ఇప్పుడు ఇంట్లోనే ఉంది" సగింతాయ్ ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. "శుక్రవారం పెట్టె ఇచ్చాను. గది తలుపేసుకుంది. శనివారమంతా లోపలే. ఆదివారమంతా లోపలే. తలుపుకి చెవి పెడితే గుసగుస. అమ్మని వెళ్ళనిచ్చింది కాదు, నన్ను వెళ్ళనిచ్చింది కాదు. ఇందాక బయటికొచ్చింది. అమ్మ పక్కన నిలబడి, నాయనమ్మా, మన ఒంటెలకు నీళ్ళు కావాలి అంది. కజక్‌లో! ఒక్క తోక తప్పు లేదత్తా! మా అమ్మ చేతిలో పాలగిన్నె కింద పడేసింది. ఇదిగో చూడు, ఇంకా ఏడుస్తూనే ఉంది!"

ఫోను అటు తిరిగింది. వంటింటి నేల మీద పాలు. పాల మధ్యే కున్సులు కూలబడి మనవరాలిని కావలించుకుని ఉంది. ఆ చేతుల్లోంచి తల బయటికి పెట్టి, బల్జాన్ ఫోను వంక చూసింది.

రౌజా కలంకాస్ చేతిలోంచి ఫోను లాక్కుంది. "పాపా, నీ ఒంటెలు నాకు చూపిస్తావా?"

బల్జాన్ బెదిరిపోయింది. వెనక్కి జరిగింది. కానీ ఆ పిల్ల పారిపోలేదు. నేల మీదికి వంగి, బారును దగ్గరికి లాక్కుంది.

"ఎవరివమ్మా అవి?" అంది రౌజా.

పిల్ల ఆలోచించింది. పసుపు రంగు 'నావి' ఒంటెను ముట్టుకుంది. వదిలేసింది. ఎర్రొంటెను తీసి, మూడో చోట కట్టి, ముడి బిగించి, అప్పుడు తలెత్తింది.

"మావి" అంది. "కలంకాస్ అమ్మమ్మవీ, నావీ."

కలంకాస్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. మూడు రోజులుగా నావి పోయాయి, నావి పోయాయి అని ఏడ్చిన మనిషికి ఆ పిల్ల చేతుల్లో ముడిపడిన ఎర్రొంటెను చూశాక సిగ్గూ వచ్చింది, పట్టరానంత ఆనందమూ వచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ ఫోను మీదికి వంగింది.

"అమ్మమ్మా, ఇంకోటి" అంది బల్జాన్. ఇప్పుడు గొంతులో బెదురు లేదు, ఫిర్యాదు ఉంది. "అన్నీ పెద్ద ఒంటెలే. ఒంటెపిల్ల ఒంటెపిల్ల అంటాం కదా, మరి పిల్లేది?"

ఇన్నేళ్ళలో ఏ పిల్లా అడగని ప్రశ్న అది. కలంకాస్ తెల్లబోయింది. నిజమే, పిల్లేది?

"నా ఓటు పడింది" అంది రౌజా. ఫోను తిరిగి ఇస్తూ ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి మిగతా పెద్దలూ ఓటుకి చేతులెత్తారు. నుర్తుగన్ కూడా, అతని చెయ్యి లెక్కలోకి రాకపోయినా, ఎత్తేశాడు.

"అత్తా, నా బహుమానం సంగతేంటి?" ఫోనులోంచి సగింతాయ్ అరుస్తున్నాడు.

"నీకేం లేదు పో! నీ మూడూ ఐపోయాయి" గోడ దగ్గరి నుంచి జిలీహా అవ్వ అందుకుంది. "ఇవాళ్టి నుంచి బల్జాన్‌వి మొదలు. ఒంటెపిల్ల దాని మొదటి కోరిక. ఇంకా రెండున్నాయి."

మైదానం మీంచి ఎర్సాయిన్ చెమటలు కక్కుతూ తన పందెపు ఒంటెను ఈడ్చుకొస్తున్నాడు. గేటు దగ్గర ఆ మాట చెవిన పడింది. ఆగాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి తిరిగి, ఒంటెను బడి గోడ చాటుకు తోలేశాడు.

కలంకాస్‌కి అదేమీ పట్టలేదు. కుట్టుపని గదిలోంచి కత్తెర తెచ్చుకుంది. అక్‌మాయా మెడ కింద, చలి తగలని చోట, గుప్పెడు తెల్ల ఊలు కత్తిరించింది. ఒంటెలు తాగే తొట్టిలో దాన్ని తడిపి, అందరూ చూస్తుండగా మెట్టు మీద కూర్చుని, పిల్లల మధ్య నలపడం మొదలుపెట్టింది.